కొండను కొలిచే హక్కు

ఉపగ్రహాల జంట చిత్రాల నుంచి నేల ఎత్తుపల్లాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇక అందాల్సింది చిత్రాలే.

2021 ఫిబ్రవరి 7, ఆదివారం పొద్దున ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో బురద, బండరాళ్లు కలగలిసిన వరద రిషిగంగ, ధౌలిగంగ లోయలను ఊడ్చిపెట్టింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు, లేదా జాడ తెలియకుండా పోయారు. రిషిగంగ మీది 13.2 మెగావాట్ల జలవిద్యుత్‌ కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. తపోవన్‌ దగ్గర కడుతున్న 520 మెగావాట్ల ప్రాజెక్టు సొరంగాల్లో పనివాళ్లు చిక్కుకుపోయారు. ఆ రోజు టీవీల్లో, మర్నాడు పత్రికల్లో ఎక్కువగా వినబడిన మాట హిమానీనదం బద్దలైందని. పైన ఎక్కడో మంచు సరస్సు గట్టు తెగి ఉంటుందని చాలామంది అనుకున్నారు. ఇది పండితులు తీరిగ్గా తేల్చుకునే సంగతి కాదు. సరస్సు తెగిందంటే ఒక జాగ్రత్త కావాలి, కొండే కూలిందంటే మరో జాగ్రత్త కావాలి. సరస్సులను గుర్తించి, నీటిమట్టం మీద కన్నేసి ఉంచవచ్చు. ఏ సరస్సూ లేని చోట శిఖరం ముఖం ఊడిపడితే ఆ కాపలా ఎందుకూ కొరగాదు. కిందనున్న ఊళ్లు, ప్రాజెక్టులు ఏ ప్రమాదానికి సిద్ధపడాలన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది.

జవాబు చెప్పింది కొలత. ఆ లోయలకు ఎగువనున్న రోంటీ శిఖరం ఉత్తర ముఖాన్ని ప్రమాదానికి ముందూ తర్వాతా ఉపగ్రహాలు రెండేసి కోణాల నుంచి తీసిన చిత్రాలున్నాయి. వాటి నుంచి రెండు ఎత్తుల పటాలు తయారుచేసి, కొత్తదాంట్లోంచి పాతదాన్ని తీసేస్తే శిఖరం మీద ఎంత లోటు పడిందో బయటపడింది. అది దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్లు. మనకు అలవాటైన లెక్కలో ఇంచుమించు ఒక టీఎంసీ. అందులో సుమారు 80 శాతం రాయి, 20 శాతం మంచు. ఆ ముద్ద 1,800 మీటర్ల దిగువకు దూసుకొచ్చేటప్పుడు పుట్టిన రాపిడి వేడికి మంచు దాదాపుగా మొత్తం కరిగిపోయింది. వరదకు నీళ్లు ఎక్కడివన్న ప్రశ్నకు అక్కడే సమాధానం దొరికింది, సరస్సుతో పనే లేకపోయింది. అదే ఏడాది జూన్‌లో 'సైన్స్‌' పత్రికలో 53 మంది రచయితల పేరుతో అచ్చయిన పరిశోధన ఈ విషయాన్ని నిర్ధారించింది. ఆ ఎత్తుల పటాల తయారీకి వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌ నాసా వాళ్ల 'ఏమ్స్‌ స్టీరియో పైప్‌లైన్‌'. దాన్ని ఎవరైనా పైసా కట్టకుండా డౌన్‌లోడ్‌ చేసుకోవచ్చు. దాని సోర్స్‌ కోడ్‌ను వరుస వరుసగా చదువుకోవచ్చు. అవే చిత్రాలు చేతికొస్తే అదే లెక్కను మళ్లీ వేసి, 2.7 కోట్లు అన్నది సరైన అంకేనా అని అడగవచ్చు.

ఉచిత సాఫ్ట్‌వేర్‌ గురించి మాట్లాడేటప్పుడు ఎంతసేపూ లైసెన్సు ఖర్చు మిగులుతుందన్న దగ్గరే ఆగిపోతాం. డబ్బు సంగతి చిన్నదేమీ కాదు. ఒక జిల్లా ఇంజినీరింగ్‌ కాలేజీకి అది చాలా పెద్ద సంగతి. కానీ నేల విషయంలో అంతకంటే ముఖ్యమైన కారణం ఒకటుంది. ఫలానా కొండ ఇంత ఎత్తు, ఫలానా హిమానీనదం ఇన్ని మీటర్లు పలచబడింది, ఫలానా గనిలో ఇంత తవ్వారు అన్న మాటలన్నీ లెక్కలే. లెక్క చెప్పినవాళ్లు దారి కూడా చూపించాలి. లెక్క ఎవరికీ కనబడని పెట్టెలో జరిగితే వచ్చిన అంకెను నమ్మడమో, నమ్మకపోవడమో తప్ప మనం చేయగలిగిందేమీ ఉండదు. ఆనకట్టలు, రోడ్లు, గనులు, పునరావాసం అన్నీ ఎత్తుల లెక్క మీద నడిచే దేశంలో ఆ లెక్కను సరిచూసే వీలు ప్రజలకు ఉండాలి. సాఫ్ట్‌వేర్‌ వరకూ ఆ వీలు వచ్చేసింది. చిత్రాల దగ్గర మాత్రం ఇంకా సగం దూరంలోనే ఉన్నాం.

రెండు చిత్రాల నుంచి ఎత్తు ఎలా పుడుతుందో కొంచెం తెలుసుకుంటే మిగతా వాదన తేలిగ్గా అర్థమవుతుంది. చేయి చాచి బొటనవేలిని ఒక కన్నుతో, తర్వాత రెండో కన్నుతో చూస్తే వేలు వెనకాలి గోడ మీద పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. దగ్గరున్నది ఎక్కువ జరుగుతుంది, దూరమున్నది తక్కువ. చార్లెస్‌ వీట్‌స్టన్‌ 1838లో స్టీరియోస్కోప్‌తో ప్రపంచానికి చూపించింది ఈ సూత్రాన్నే. 1901లో జర్మనీలో కార్ల్‌ పుల్‌ఫ్రిష్‌ అలా పక్కకు జరగడాన్ని పరికరంతో కొలిచే పద్ధతి తెచ్చాడు. తర్వాతి ముప్పాతిక శతాబ్దం ఆ పని బరువైన, ఖరీదైన యంత్రాల ముందు కూర్చున్న, శిక్షణ పొందినవాళ్లదే అయింది. యంత్రాలున్నది సర్వే శాఖల్లో, సైన్యాల్లో. కాంటూరు గీతలు ప్రజల చేతికి అచ్చయి వచ్చేవి. అవి ఎలా గీశారో అడిగే అవకాశం ఉండేది కాదు.

2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్‌-1 సరిగ్గా ఈ పనికోసం చేసిన ఉపగ్రహం. దానికి రెండు కెమెరాలు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకోటి 5 డిగ్రీలు వెనక్కు వంగి చూసేవి. 618 కిలోమీటర్ల ఎత్తున వెళ్తూ ముందు కెమెరా చూసిన చోటునే దాదాపు 52 సెకన్ల తర్వాత వెనక కెమెరా మళ్లీ చూసేది. ఈ లోపు ఉపగ్రహం మూడున్నర వందల కిలోమీటర్లకు పైగా ముందుకు పోయేది. ఆ దూరానికీ ఉపగ్రహం ఎత్తుకూ ఉన్న నిష్పత్తి 0.62. కొలత ఎంత నికరంగా వస్తుందో చెప్పే కీలకమైన అంకె ఇదే. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 2.5 మీటర్లు. రెండు చిత్రాల్లో ఒకే రాయిని గుర్తుపట్టడంలో అర చుక్క తేడా వచ్చిందనుకుందాం. అంటే 1.25 మీటర్లు. దాన్ని 0.62తో భాగిస్తే ఎత్తులో తప్పు రెండు మీటర్లు. ఇదే లెక్క 15 మీటర్ల చుక్క, 0.6 నిష్పత్తి ఉన్న జపాన్‌–అమెరికా 'ఆస్టర్‌' కెమెరాకు వేస్తే పన్నెండున్నర మీటర్లు వస్తుంది. వాస్తవంలో మబ్బు, నీడ, ఉపగ్రహం వణుకు, వాలు అన్నీ తోడై తప్పు ఇంకా పెరగవచ్చు. ఏ పటం ఏ పనికి పనికొస్తుందన్నది తేల్చడానికి ఈ చిన్న భాగాహారం చాలు. దీన్ని మరిచిపోయిన చోటే చాలా గొడవలు మొదలవుతాయి.

ఏమ్స్‌ పైప్‌లైన్‌ భూమి కోసం పుట్టినది కాదు. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్‌ పరిశోధన కేంద్రంలో అంగారకుడి మీది రోబోల కళ్లకు చుట్టుపక్కల నేల తెలియజెప్పడానికి 1990లలో మొదలైన ప్రోగ్రాముల సంతతి అది. తర్వాత అంగారకుడి, చంద్రుడి కక్ష్యల నుంచి తీసిన చిత్రాలకూ, అపోలో వ్యోమనౌకల ఫిల్ముకూ, ఆపైన భూమికీ విస్తరించింది. దీంట్లో ఎక్కువ పని టెర్మినల్‌లో ఆదేశం టైపు చేసి చేయించుకోవలసిందే. 'ప్యారలల్‌ స్టీరియో' అన్న ఆదేశం పక్కన ఎడమ చిత్రం, కుడి చిత్రం, వాటి కెమెరా వివరాల ఫైళ్లు ఇస్తే అది మొదట రెండు చిత్రాలనూ ఒక వరసకు తెస్తుంది. తర్వాత ఎడమ చిత్రంలోని ప్రతి చుక్కకూ చుట్టూ ఉన్న చిన్న గడి పోలికను బట్టి కుడి చిత్రంలో దాని జోడీని వెతుకుతుంది. దొరికినదాన్ని చుక్కలో పదో వంతు, ఇరవయ్యో వంతు దాకా సవరించడానికి ప్రయత్నిస్తుంది. పొంతన లేని జోడీలను ఏరి పారేస్తుంది. చివరకు ఒక్కో జోడీ నుంచి రెండు కెమెరాల వైపు గీతలు గీసి, అవి కలిసే చోటును నేలగా రాసుకుంటుంది. కోట్ల చుక్కల మబ్బులాంటి ఈ ఫలితాన్ని 'పాయింట్‌ టు డెమ్‌' అన్న మరో ఆదేశం ఎత్తుల పటంగా మారుస్తుంది. ఆస్టర్‌ జంట ఒకటి అయితే మామూలు ల్యాప్‌టాప్‌ మీద కూడా నడుస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి ఎత్తుల పటంతో పాటు అది రాసిపెట్టే రెండు పక్క ఫైళ్లు. మొదటిది 'గుడ్‌పిక్సెల్‌మ్యాప్‌'. జోడీ దొరికిన చుక్కలు అందులో బూడిద రంగులో, దొరకనివి ఎర్రగా ఉంటాయి. తెరిచి చూడగానే చెరువులు ఎర్రగా కనిపిస్తాయి, ఎందుకంటే అలల మెరుపు రెండు చిత్రాల్లోనూ ఒకేలా ఉండదు. లోతైన నీడలు, మబ్బులు, కొత్తగా కురిసి ఎక్కడా మచ్చలేని మంచు కూడా ఎరుపే. రెండోది గీతల మధ్య ఎడం. సిద్ధాంతంలో రెండు కెమెరాల గీతలు ఒక బిందువు దగ్గర కలవాలి, వాస్తవంలో ఎన్నడూ కలవవు. అవి ఒకదాన్నొకటి ఎంత దూరంలో దాటిపోయాయో ప్రతి చుక్క దగ్గరా సాఫ్ట్‌వేర్‌ నమోదు చేస్తుంది. ఆ ఎడం ఒక మూల నుంచి ఇంకో మూలకు క్రమంగా పెరుగుతోందంటే కెమెరా వివరాల్లో తేడా ఉందన్న మాట. అచ్చేసిన పటంలో ఈ ఎరుపూ ఉండదు, ఈ ఎడమూ ఉండదు. ఖాళీలను పక్క ఎత్తులతో పూడ్చి, నున్నగా రంగులద్ది ఇస్తారు. ఎక్కడ కొలిచారో, ఎక్కడ ఊహించారో చూసేవాళ్లకు తెలియదు. తన అజ్ఞానపు హద్దులు తానే గీసి చూపించే పనిముట్టు నేలకు సంబంధించిన ఏ తగాదాలోనైనా ఎంతో మేలు చేస్తుంది.

తెలుగు నేల మీద ఈ పని మొదలుపెట్టేవాళ్లు తప్పక ఎదుర్కొనే వింత ఒకటుంది. విశాఖ తీరానికి లెక్క వేస్తే బీచ్‌ ఎత్తు సున్నాకు పదుల మీటర్ల కింద వస్తుంది. సాఫ్ట్‌వేర్‌ పాడైపోలేదు. అది ఎత్తును భూమికి నమూనాగా తీసుకున్న నున్నటి దీర్ఘగోళం నుంచి లెక్కిస్తుంది. మనం మామూలుగా చెప్పుకొనేది సముద్రమట్టం నుంచి. భూమి గురుత్వాకర్షణ ఎక్కడా ఒకేలా లేదు కాబట్టి ఈ రెండూ కలవవు. దక్షిణ భారతం, శ్రీలంకల కింద హిందూ మహాసముద్రంలో ఆ తేడా ప్రపంచంలోకెల్లా ఎక్కువ. అక్కడ సముద్రమట్టం దీర్ఘగోళానికి దాదాపు 106 మీటర్ల దిగువన ఉంటుంది. ఆ గుంట అంచు మన తీరం దాకా పాకి వచ్చింది. దీన్ని సవరించే ఆదేశం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అయితే సవరించారో లేదో చెప్పకుండా రెండు సంస్థలు చెరో అంకె ఇస్తే, ఒకే గుట్ట ఎత్తు మీద పదుల మీటర్ల తగవు పుట్టడానికి ఇదొక్కటి చాలు. పనిలో నడిచిన దారి బహిరంగంగా ఉంటే ఆ తగవు అయిదు నిమిషాల్లో తీరిపోతుంది.

ఉచిత పనిముట్లు, ఉచిత చిత్రాలు కలిస్తే ఏమవుతుందో హిమాలయాల్లో జరిగిన పని చూస్తే తెలుస్తుంది. ఆస్టర్‌ కెమెరా 1999 డిసెంబరులో టెర్రా ఉపగ్రహం మీద పైకి వెళ్లింది. అది తీసిన చిత్రాలన్నిటినీ 2016 ఏప్రిల్‌ 1 నుంచి ప్రపంచమంతటికీ ఉచితం చేశారు. ఆ మరుసటి ఏడాదే ఫ్రెంచ్‌ పరిశోధకుల బృందం ఏమ్స్‌ పైప్‌లైన్‌తో వేల ఆస్టర్‌ జంటలను ఎత్తుల పటాలుగా మార్చి, ఆసియా ఎత్తయిన పర్వతాల హిమానీనదాలు 2000–2016 మధ్య ఏటా 1,630 కోట్ల టన్నుల చొప్పున తరిగిపోయాయని లెక్క చెప్పింది. అటూ ఇటూ 350 కోట్ల టన్నులు తేడా ఉండవచ్చని కూడా చెప్పింది. నీళ్లలోకి మారిస్తే ఏడాదికి 570 టీఎంసీలకు పైమాటే. 2020లో అమెరికన్‌ బృందం మరింత నాణ్యమైన చిత్రాలను కూడా కలిపి, 2018 దాకా లెక్క కట్టి 1,900 కోట్ల టన్నులంది, అటూ ఇటూ 250 కోట్లు. పైకి రెండు వేర్వేరు అంకెలు. తేడాల హద్దులను కూడా కలుపుకొని చూస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. 2021లో 'నేచర్‌' పత్రికలో వచ్చిన మరో పరిశోధన ప్రపంచంలోని అన్ని హిమానీనదాలనూ కొలిచింది. దానికి వాడింది ఫ్రాన్స్‌ భౌగోళిక సంస్థ తయారుచేసిన 'మిక్‌మాక్‌'. అది కూడా ఉచితమే, పనిచేసే పద్ధతి వేరు. హిమానీనదాల క్షయం గురించి ఇవాళ ఇంత ధీమాగా మాట్లాడగలుగుతున్నామంటే, ఒకరి లెక్కను ఇంకొకరు వేరే పనిముట్టుతో తిరిగి వేసి చూడగలిగినందువల్లే. గంగ, సింధు, బ్రహ్మపుత్రల నీటి మీద బతికే కోట్ల మందికి సంబంధించిన లెక్కకు ఇంతకంటే తక్కువ భరోసా సరిపోదు.

అంతకంటే వెనక్కి చూసేందుకు గూఢచర్య చిత్రాలు అక్కరకొచ్చాయి. 1960లు, 70లలో అమెరికా కొరోనా, హెక్సగాన్‌ ఉపగ్రహాలు ఫిల్ము మీద ఫొటోలు తీసి, ఆ ఫిల్మును డబ్బాల్లో పెట్టి కిందికి వదిలేవి. పారాచూట్‌ మీద దిగుతున్న డబ్బాలను విమానాలు గాల్లోనే కొక్కేలతో అందుకునేవి. 1960–72 మధ్య తీసిన ఎనిమిది లక్షలకు పైగా చిత్రాల మీది రహస్య ముద్రను 1995లో తీసేశారు. హెక్సగాన్‌ పటాల కెమెరా తీసినవి 2002లో బయటికొచ్చాయి. వాటిలో చాలావరకు జంట చిత్రాలే. అమెరికా భూగర్భ సర్వే సంస్థ దగ్గర స్కాన్‌ కాని ఫిల్ము కావాలంటే రుసుము కట్టాలి. ఒకరు కట్టి స్కాన్‌ చేయించాక అది ఆపైన అందరికీ ఉచితం. 2019లో 'సైన్స్‌ అడ్వాన్సెస్‌'లో వచ్చిన అధ్యయనం హిమాలయాల్లో 2,000 కిలోమీటర్ల పొడవునా ఉన్న 650 పెద్ద హిమానీనదాలను ఈ పాత ఫిల్ముతో పోల్చి, 2000 తర్వాత మంచు తరిగే వేగం అంతకు ముందరి పాతికేళ్లతో పోలిస్తే రెట్టింపైందని తేల్చింది. సోవియట్, చైనా రహస్యాల కోసం ఎగిరిన కెమెరా మన పర్వతాల గతానికి ఏకైక సాక్షి అయింది. ఏమ్స్‌ పైప్‌లైన్‌ ఇప్పుడు ఈ పాత ఫిల్మును కూడా చదవగలదు.

పనిముట్లు, చిత్రాలు అందరికీ అందాలన్న వాదనకు ఎదురు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. పనిముట్టు అందరి చేతికీ ఇస్తే తెలిసీ తెలియనివాళ్లు రంగురంగుల తప్పుడు పటాలు చేసి జనం మీదికి వదులుతారు కదా? వదులుతారు. ఆ ప్రమాదం నిజమే. కొల్లేరు సంగతే తీసుకుందాం. +5 అడుగుల కాంటూరు లోపలి సరస్సు ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. దాన్ని +3కి కుదించాలన్న డిమాండు ఏళ్లుగా ఉంది. వేల కుటుంబాల బతుకు, పక్షుల ఆవాసం, వరద నీటి దారి ఈ రెండు గీతల మధ్య ఇరుక్కున్నాయి. ఆ రెండు గీతల మధ్య ఎత్తు తేడా రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు. ఆస్టర్‌తో చేసిన పటంలో తప్పే పది మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కార్టోశాట్‌-1 చిత్రాల నుంచి హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రం తయారుచేసి భువన్‌ పోర్టల్‌లో ఉచితంగా ఉంచిన కార్టోడెమ్‌కు చెప్పిన నిలువు నికరత కూడా ఎనిమిది మీటర్లు. ఇలాంటి పటం పట్టుకుని కొల్లేరు హద్దు మీద వాదించేవాళ్లు, ఏ పక్షంవాళ్లయినా సరే, జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నట్టే. గోదావరి డెల్టా అంతటికీ ఇదే వర్తిస్తుంది, ఒక్క మీటరు తేడాతో ఊరు మునగాలో తేలాలో తేలిపోయే చోట్లవి. పాపికొండల్లాంటి అడవుల్లో ఇంకో చిక్కుంది. కెమెరాకు కనబడేది చెట్ల కొనలే, వాటి కింది నేల కాదు. అయితే ఈ తప్పుల్ని పట్టుకునే మార్గం పనిముట్టును దాచిపెట్టడం కాదు. భాగాహారం తెలిసినవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ తప్పుడు పటం నిలబడటం కష్టమవుతుంది. దాచిపెట్టిన రోజుల్లో తప్పులు లేకపోలేదు, పట్టుకునేవాళ్లే లేరు. పైగా సరిచూసుకునే కొలబద్దలు కూడా ఉచితంగానే ఉన్నాయి. 2018లో వెళ్లిన ఐస్‌శాట్‌-2 లేజర్‌తో నేల ఎత్తును కొలుస్తూ వస్తోంది, ఆ సమాచారం అంతా బహిరంగం. కదలని రాతినేల మీద మన పటాన్ని ఆ లేజర్‌ ఎత్తులతో పోల్చి, సగటు తేడా ఎంతో పటం మీదే రాయడం కాలేజీ విద్యార్థి చేయగల పని. ఆ ఒక్క వాక్యం లేని పటాన్ని పత్రికలు, కోర్టులు, ప్రభుత్వాలు పక్కన పెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇంకో వాదన సాంకేతిక నిపుణుల నుంచి వస్తుంది. విమానం నుంచి లేజర్‌తో నేలను కొలిచే లైడార్‌ ఉంది, డ్రోన్లున్నాయి, డబ్బు పెడితే మంచి వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ ఉంది, ఇంకా ఈ పాత ఉపగ్రహ జంటలతో కుస్తీ ఎందుకంటారు. లైడార్‌ గొప్పదే, కొల్లేరుకు కావాల్సింది అదే. 2022 జాతీయ జియోస్పేషియల్‌ విధానం 2030 నాటికి మైదానాలకు 25 సెంటీమీటర్ల, కొండ ప్రాంతాలకు ఒకటి నుంచి మూడు మీటర్ల నాణ్యతతో దేశమంతటి ఎత్తుల పటం లక్ష్యంగా పెట్టింది. అది పూర్తయితే ఎంతో మేలు. డ్రోన్ల చిత్రాలకు 'ఓపెన్‌డ్రోన్‌మ్యాప్‌' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంది. వేసవిలో ఎండిన చెరువును పూడిక తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి డ్రోన్‌తో చిత్రించి దానికి అందిస్తే ఎంత మట్టి తీశారో తెలిసిపోతుంది. గ్రానైట్‌ క్వారీ గుంత పరిమాణం కూడా అలాగే తేలుతుంది. అందులో అమ్ముడుపోయే రాయి ఎంత, వ్యర్థం ఎంత అన్నది మాత్రం గుంత చెప్పలేదు. ఈ పనులన్నీ జరగాలి. కానీ లైడార్‌ విమానం, డ్రోన్‌ ఇవాళ్టి నేలనే కొలవగలవు. 2005లో కొండ ఎలా ఉండేదో కొలవడానికి ఏ డ్రోన్‌నూ వెనక్కి పంపలేం. తేడా తెలియాలంటే రెండు కాలాల నేల కావాలి, పాత నేల పాత జంటల్లోనే ఉంది. వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ సంగతికొస్తే, కొన్ని పనుల్లో అది వేగంగా, సులువుగా ఉంటుంది. టెర్మినల్‌ అంటే బెదిరిపోయేవాళ్లకు ఏమ్స్‌ పైప్‌లైన్‌ మొదట్లో కష్టమే. ఆ కష్టం కొన్ని వారాల శిక్షణతో తీరేది.

దేశ భద్రత మాట ఎత్తితే చర్చ ఆగిపోవడం మనకు అలవాటు. సరిహద్దు కొండల ఎత్తులు శత్రువు చేతికి పోతాయన్న భయం ఒకప్పుడు అర్థవంతమైనదే. కానీ 2021 ఫిబ్రవరి 15న కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ఆ భయాన్ని చాలావరకు వదిలేశాయి. భారతీయులు, భారతీయ సంస్థలు పటాల సమాచారం సేకరించడానికి, తయారుచేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదన్నాయి. అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే నాణ్యమైన సమాచారం విషయంలో మాత్రం విదేశీ సంస్థల మీద హద్దులు ఉంచాయి. ఆ తర్వాత 2023 అంతరిక్ష విధానం ఇస్రో ఉపగ్రహాల చిత్రాల్లో 5 మీటర్లు, అంతకంటే ముతక చుక్క ఉన్నవాటిని అందరికీ ఉచితంగా, బహిరంగంగా ఇవ్వాలంది. 5 మీటర్ల కంటే సన్నవి ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావాళ్లకు ధర మీద. ఇది మంచి అడుగు. అయితే కార్టోశాట్‌-1 చుక్క 2.5 మీటర్లు. దేశంలో స్టీరియో కోసమే తీసిన అతి పెద్ద చిత్రాల నిల్వ ఈ గీతకు అవతలి పక్కన పడిపోయింది. భువన్‌లో దొరికేది ఆ చిత్రాల నుంచి వండి, 30 మీటర్లకు ముతక చేసిన పటం. తేదీల వారీ జంటలు కావు. చమోలీలో చేసినటువంటి పనికి కావాల్సింది తేదీ ఉన్న జంట. చంద్రయాన్‌-2 చంద్రుణ్ని 25 సెంటీమీటర్ల చుక్కతో తీసిన చిత్రాలను ఇస్రో తన ప్రదాన్‌ పోర్టల్‌లో నమోదు చేసుకున్న ఎవరికైనా ఇస్తోంది, వాటిని ఏమ్స్‌ పైప్‌లైన్‌లో నడిపే పద్ధతి ఆ సాఫ్ట్‌వేర్‌ పుస్తకంలోనే రాసి ఉంది. చంద్రుడి విషయంలో చూపిన ఈ ఉదారత మన సొంత నేల విషయంలోనూ రావాలని అడగడం అత్యాశ కాదు. విదేశీ ప్రైవేటు కంపెనీలు మన నేల చిత్రాలను అర మీటరు చుక్కతో అమ్ముతున్న కాలంలో, ఇరవై ఏళ్ల నాటి 2.5 మీటర్ల జంటల వల్ల కొత్తగా బయటపడే సైనిక రహస్యం ఏముంటుంది?

ఆ జంటలు బయటికొస్తే మొదట చేయదగ్గ పని తెలుగువాళ్లకు కళ్లముందే ఉంది. రామగుండం నుంచి మణుగూరు దాకా గోదావరి లోయలో సింగరేణి ఓపెన్‌కాస్ట్‌ గనులు, వాటి పక్కన బొగ్గు పొర మీద నుంచి తీసిన ఓబీ మట్టి పోసిన గుట్టలు ఊళ్ల రూపురేఖలనే మార్చేశాయి. కొత్త గుట్టల మీద ఇంకా అడవి ఎదగలేదు కాబట్టి చెట్ల చిక్కు తక్కువ. గుట్టలు పదుల మీటర్ల ఎత్తు కాబట్టి రెండు మూడు మీటర్ల తప్పు వాటి లెక్కను తారుమారు చేయదు. మబ్బులేని వేసవి తేదీలు ఎంచుకునే వీలుంది. ఏ ఏడాది ఏ గుట్ట ఎంత పెరిగింది, వాగు ఏ పక్కకు మళ్లింది, గుంత ఎంత లోతుకు పోయింది అన్నవి జంటలు పోల్చితే వస్తాయి. సంస్థకు తన సర్వేలు ఉంటాయి. పక్క ఊళ్లోని కాలేజీ విద్యార్థులు స్వతంత్రంగా వేసిన లెక్క వాటితో సరిపోలితే రెండిటికీ బలం పెరుగుతుంది, సరిపోలకపోతే ఎక్కడ తేడా వచ్చిందో గుడ్‌పిక్సెల్‌మ్యాప్‌ తెరిచి మాట్లాడుకోవచ్చు. గని విస్తరణ మీద జరిగే ప్రజాభిప్రాయ సేకరణల్లో పర్యావరణ నివేదికతో పాటు ఎత్తుల పటం ఫైలు, అది ఏ తేదీ చిత్రాలతో ఏ ఆదేశాలతో తయారైందో చెప్పే చిట్టా, తప్పు ఎంతో చెప్పే అంకె జతచేయాలని నిబంధన పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. హిమాలయ రాష్ట్రాల్లో ప్రతి జలవిద్యుత్‌ ప్రాజెక్టుకూ పైనున్న లోయ విషయంలో ఇదే అడగాలి. కార్టోశాట్‌-1 జంటలను ఏళ్ల వారీగా, పదేళ్లు దాటినవాటితో మొదలుపెట్టి విడుదల చేయవచ్చు. అలా చేస్తే 2005 నుంచి 2015 దాకా తీసిన చిత్రాలన్నీ ఇప్పటికే గడువు దాటినవే.